కాటి సీనుకి వన్స్‌మోర్ ఎందుకు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఎప్పటి మాదిరివే. ఆ హీరో గొప్పా, ఈ హీరో గొప్పా? ఫలానా హీరోయిన్ వయసెంత? ఫలానా బొమ్మ వంద రోజులు ఆడిందా, ఆడించారా? వీటికి వచ్చేవారం జవాబులిస్తాను, కాస్త ఓపిక పట్టండి. (హీరోయిన్ల వయసు మాత్రం చెప్పను. ఈ పేజీ ఇంకా కొన్నాళ్ళు రాయాలని వుంది నాకు!)

ఒక్క ఉత్తరం మాత్రం పక్కకు తీసి పెట్టుకున్నాను. దర్శి దగ్గర పల్లెటూరి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు కనుక వెయ్యడం లేదు. దర్శి అనే మాట కనబడగానే ప్రాణం లేచొచ్చింది. నాదీ ఆ నల్లరేగడే మరి! ఉత్తరం సారాంశం ఇదీ:

"అన్నయ్యగారూ! మా వూళ్ళో ఏటా శ్రీరామనవమి రాత్రి నాటకం వేయించడం ఆనవాయితీ. ఈసారి మిర్చి రేటు చూస్తే కోత కూలి కూడా గిట్టేట్టు లేదు. పెద్దవాళ్ళేమో 'నాటకం లేదు, గీటకం లేదు, పానకం పంచి పొండి' అంటున్నారు. కుర్రాళ్ళలో సగం మంది, పోగైన చందాతో డీజే పెట్టి డాన్సు ప్రోగ్రాం వేయిద్దామంటున్నారు. నేనూ, ఇంకో నలుగురం హరిశ్చంద్ర నాటకమే వుండాలని పట్టుబట్టాం. మా నాన్న నన్ను ఒకే మాట అడిగాడు: 'మీ నాటకంతో క్వింటాలుకి పది రూపాయలన్నా పెరుగుద్దంటరా?' నాకు నోట మాట రాలేదు. నిజంగా కళ వల్ల మనుషులకి ఏం ఒరుగుతుందండీ? మీరు చెప్పండి, నేను మా నాన్నకి చెప్పుకుంటాను."

చూశారా! హీరోయిన్ వయసు అడిగినవాళ్ళే నయం కదూ? అయినా అడిగాడు గనక తప్పించుకోకూడదు. ఈ వారం పేజీ అంతా ఈ తమ్ముడికే. మిగతావాళ్ళు కూడా చదవండి. సినిమాకి టిక్కెట్టు కొనే ప్రతివాడికీ ఈ ప్రశ్నతో పని వుంది.

నాన్నగారి ప్రశ్న

తమ్ముడూ, మీ నాన్నగారికి ముందు సూటిగా జవాబు చెప్పేద్దాం. పెరగదు. పది రూపాయలు కాదు, పది పైసలు కూడా పెరగదు. 2025 మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర కూలిపోతే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం పేరుతో క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించింది. ఆ అంకెను హరిశ్చంద్రుడు పెంచలేడు, నారదుడు పెంచలేడు. తాలు కాయ తాలు కాయే. దాని ముందు కూర్చుని కాంభోజి పాడినా ఎర్రబడదు.

కళని వెనకేసుకొచ్చేవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తా కొడతారు. కళ వల్ల పంటలు పండుతాయని, రోగాలు కుదురుతాయని, దేశం బాగుపడుతుందని పెద్ద పెద్ద మాటలు చెబుతారు. చేలో నిలబడినవాడు ఆ మాటలు విని నవ్వుకుంటాడు. అందుకని మనం ఆ దారిన పోవద్దు.

మీ నాన్నగారిని ఇంకో సంగతి అడుగు. మీకు తూర్పున అద్దంకి వుంది కదా! అక్కడ దొరికిన పండరంగడి శాసనం క్రీ.శ. 848 నాటిది. పండరంగడు చాళుక్యరాజు సేనాని. బోయకొట్టాలు పన్నెండు గెలిచాడట, కందుకూరును బెజవాడంత చేశాడట. ఆ సంగతి మామూలు మాటల్లో చెక్కిస్తే సరిపోయేది. వూరుకోలేదు, తరువోజ పద్యంగా చెక్కించాడు. తెలుగులో ఛందస్సుతో దొరికిన తొలి శాసనపద్యాల్లో ఒకటి మీ ఇంటి పక్కదే! ఆ ఏడు అద్దంకిలో జొన్నలు ఎంతకు అమ్మారో నేడు ఎవరూ చెప్పలేరు. పద్యం మాత్రం మిగిలింది.

'మిగిలితే ఏం? దొరగారి పొగడ్తే కదా!' అంటారు మీ నాన్నగారు. నిజమే. కళ చాలాకాలం దొరల ఇంట్లో పనిచేసింది. గెలిచినవాడి గొప్ప చెప్పింది. మరి ఓడినవాడి గోడు ఎప్పుడు చెప్పింది? అక్కడికే వస్తున్నాను.

నక్షత్రకుడు మీ వూళ్ళో లేడా?

మన వైపు పల్లెల్లో నాటకమంటే మొదట గుర్తొచ్చేది హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. ఆయన 1881లో బాపట్ల తాలూకాలో పుట్టినవారు. సినిమాల్లో కూడా రాశారు, వేషాలు వేశారు. 1935లో తెలుగులో హరిశ్చంద్ర బొమ్మ వస్తే అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. కన్నాంబకి అదే తొలి చిత్రం. 1956లో ఎస్.వి. రంగారావు, 1965లో ఎన్.టి. రామారావు మళ్ళీ ఆ వేషం వేశారు. అసలు మన దేశంలో ఫాల్కే తీసిన మొదటి పెద్ద బొమ్మ, 1913లో, రాజా హరిశ్చంద్రే కదా!

ఇన్నిసార్లు ఎందుకు చూశారు జనం? సత్యం పలకాలని నేర్చుకోవడానికా? గాంధీగారు మాత్రం అందుకే చూశారనుకోవాలి. చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, అందరూ అలా నిజం ఎందుకు చెప్పకూడదని తనలో తాను మథనపడ్డానని ఆత్మకథలో రాసుకున్నారు. ఒక వూరి నాటకాలవాళ్ళు ఆడిన ఆట ఒక పిల్లవాడి బుర్రలో పడి ఎంత దూరం పోయిందో చూడండి. ఆ నటుల పేర్లు కూడా మనకి తెలియవు.

కానీ మన మెట్ట పల్లెల్లో గోనెపట్టాలు పరుచుకుని తెల్లారేదాకా కూర్చున్న జనానికి ఆ కథలో ఇంకోటి కనబడిందని నా నమ్మకం. హరిశ్చంద్రుడి కథ అప్పు కథ! ఆలోచించండి. మాట ఇచ్చాడు, బాకీ పడ్డాడు. రాజ్యం జప్తు అయింది. గడువు పెట్టారు. వసూలు చేసుకురమ్మని ఒక మనిషిని వెంట పంపారు. వాడే నక్షత్రకుడు. ఎండలో నడిపిస్తాడు, సూటిపోటి మాటలంటాడు, కాళ్ళు నొప్పులంటాడు, ఆకలంటాడు. అసలు బాకీ తీరినా వాడి బత్తెం బాకీ మిగిలే వుంటుంది. ఆలిని అమ్ముకున్నాడు, చివరికి తనను తాను అమ్ముకున్నాడు. బిడ్డ పాము కరిచి చచ్చిపోతే, ఆ బిడ్డను కాల్చడానికి కాటిసుంకం కట్టలేక తల్లి నిలబడింది. సుంకం అడిగేవాడు ఎవరు? బిడ్డ తండ్రే!

పురుగుమందుల కొట్టులో ఖాతా వున్న రైతుకి ఈ కథ ఎవరన్నా విడమరిచి చెప్పాలా? 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నారు. తెల్లదోమ రాకముందూ అప్పు వుంది, పోయిన తర్వాతా వుంది. సాగర్ కాలువ నీళ్ళు వచ్చాక కూడా వుంది.

ఇప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. అప్పులవాడు అరుగు మీద కూర్చుని కదలకపోతే మనవాళ్ళు ఏమంటారు? 'నక్షత్రకుడిలా తగులుకున్నాడురా బాబూ!' అంటారు. అనేసి నవ్వుతారు. నాటకం చూడనివాళ్ళు కూడా అంటారు. అప్పు తగ్గిందా? లేదు. కానీ మొహం ఎత్తుకోలేక తలుపు చాటున దాక్కున్న మనిషి, అరుగు మీద కూర్చున్నవాడికి ఒక పేరు పెట్టి నవ్వగలిగాడు. తను ఒక్కడే ఇలా వున్నాడని కుమిలిపోయేవాడు, మహారాజుకే తప్పలేదని వూపిరి పీల్చుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయేవాడికి ఆ వూపిరి ఎంత పెద్ద వస్తువో ఆలోచించండి.

కళ చేసే మొదటి పని ఇదని నేననుకుంటాను. మనకు జరుగుతున్నదానికి ఒక రూపం ఇస్తుంది, ఒక పేరు ఇస్తుంది. పేరు లేని బాధ లోపలే కుళ్ళుతుంది. పేరు దొరికితే పక్కవాడికి చెప్పుకోవచ్చు. 'మదర్ ఇండియా' (1957) చూశారా? అందులో సుఖీలాలా వడ్డీ లెక్క వేస్తుంటే హాల్లో నేల క్లాసు ఎందుకు తిట్టిపోసేది? వాళ్ళందరికీ ఎవడో ఒక సుఖీలాలా వున్నాడు గనుక.

వినుకొండ నుంచి వచ్చిన పద్యాలు

సరే, ఇప్పుడు అసలు కాటి సీనుకొద్దాం.

నాటకం రాత్రి పదింటికో పదకొండింటికో మొదలవుతుంది. కాటి సీను వచ్చేసరికి కోడి కూసే వేళ. పిల్లలు నిద్రపోయి వుంటారు. పెద్దవాళ్ళు మాత్రం కదలరు. చాలా చోట్ల ఇద్దరు హరిశ్చంద్రులు వుంటారు. మొదటాయన రాజసభ వరకు చేసి తప్పుకుంటే, కాటి సీనుకి పేరున్న రెండో ఆయన దిగుతాడు. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు వంటివారి పేర్లు కరపత్రంలో వుంటే బళ్ళు కట్టుకుని వచ్చేవారు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. భుజాన గొంగళి, చేతిలో కర్రతో కాటికాపరి శ్మశానం కేసి చూస్తూ పద్యం ఎత్తుకుంటాడు. ఇక్కడ రాజముద్రిక అయినా, కవి కలమైనా, చిత్రకారుడి కుంచె అయినా ఒకటే బూడిద అని చెప్పే పద్యాలు. వన్స్‌మోర్! మళ్ళీ పాడతాడు. మళ్ళీ వన్స్‌మోర్! మైకులో చదివింపులు.

ఆ పద్యాలు బలిజేపల్లి వారి నాటకంలోవి కావు! ఇది చాలామంది కుర్రవాళ్ళకు తెలియదు. అవి గుర్రం జాషువా గారి ఖండకావ్యంలోవి. నటులు తమంతట తాము తెచ్చి కాటి సీనులో కలుపుకున్నారు. జనానికి నచ్చాయి, వుండిపోయాయి. ఇప్పుడు వాటిని తీసేసి నాటకం ఆడితే జనం వూరుకోరు.

జాషువా ఎవరో చెబుతాను. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. దర్శి నుంచి కురిచేడు మీదుగా బస్సెక్కితే ఎంతసేపు? అంటరానివాడని ముద్ర వేసిన ఇంట్లో పుట్టారు. చిన్నప్పటి నుంచి ఆ ముద్ర వెంటాడింది. కవిత్వం చదవబోతే, నీ కులమేమిటి, నువ్వు సభలోకి ఎలా వచ్చావు అని అడిగినవాళ్ళున్నారు. కుర్రతనంలో పొట్టకూటికి ఏం పని చేశారో తెలుసా? సినిమా పాఠకులు ఇది గుర్తు పెట్టుకోవాలి. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, సంభాషణలు చదివి వినిపించే పని! తెర మీద బొమ్మలు నోరు కదుపుతుంటే, హాల్లో జనానికి మాట వినిపించింది ఆయన గొంతు. తర్వాత పంతులు పని చేశారు.

1941లో 'గబ్బిలం' అనే కావ్యం రాశారు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అంటరానివాడు. శివుడికి తన మొర చెప్పుకోవాలి. గుళ్ళోకి తనను రానివ్వరు. గబ్బిలం మాత్రం గర్భగుడిలో వేళ్ళాడుతుంది, దాన్నెవరూ ఆపరు. అందుకని గబ్బిలంతో కబురు పంపాడు. ఎంత చిన్న వూహ! ఎంత పెద్ద చెంపపెట్టు! తర్వాత పెద్ద పండితుడు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న కన్నుమూశారు.

ఇప్పుడు ఆ కాటి సీనును ఇంకోసారి చూడండి. వూరి నడిబొడ్డున రామాలయం. దాని ముందు పందిరి. ఆ పద్యాలు రాసినవాడు ఆ రోజుల్లో ఆ గుడి మెట్టు ఎక్కడానికి వీల్లేదు. కానీ ఆయన పద్యం ఆ గుడి ముందే, మైకులో, నాలుగు పేటలూ వినేటట్టు మోగింది. అందులోని మాట ఏమిటి? అంటరానితనం అడుగుపెట్టలేని చోటు వల్లకాడు ఒక్కటేనని! ఆ మాటకు చప్పట్లు కొట్టింది ఎవరు? అంటరానితనం పాటించిన చేతులే!

మనిషిని ఆపినవాళ్ళు పద్యాన్ని ఆపలేకపోయారు. కళ చేసే రెండో పని ఇది. మామూలుగా మనం వినడానికి ఒప్పుకోని మాటను, పెడచెవిని పెట్టే మనిషి మాటను, రాగం కట్టి మన చెవిలో వేస్తుంది. మనకు తెలియకుండానే వన్స్‌మోర్ అంటాం. టాల్‌స్టాయ్ 'కళ అంటే ఏమిటి?' అని ఒక పుస్తకమే రాశాడు, 1897-98 ప్రాంతంలో. ఒకరి గుండెలో కదిలిన భావం ఇంకొకరి గుండెకు అంటుకోవడమే కళ అని ఆయన వాదన. (ఆ లెక్క ప్రకారం తన సొంత రచనల్లో ఒకటి రెండు కథలు తప్ప మిగతావి చెడ్డ కళే అని కొట్టిపారేశాడు మహానుభావుడు! మన దర్శకుల్లో అలా అనగలవాడెవడన్నా వున్నాడా?) అంటుకోవడమంటే మన కాటి సీనులో జరిగిందదే.

చప్పట్లు కొట్టిన చేతులు

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం తియ్యగా వుంటుంది. కానీ ఆపలేను.

1985 జూలై 17న అప్పటి మన ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో, ఆరుగురు దళితులను చంపారు. పశువులను కడిగిన నీళ్ళతో మంచినీళ్ళ చెరువును పాడు చేస్తుంటే అడ్డం చెప్పిన దగ్గర మొదలైంది గొడవ. ఈ జిల్లాలో జాషువా పద్యం వినని వూరు లేదు. వన్స్‌మోర్ కొట్టని వూరు లేదు. మరి ఆ పద్యం ఏం చేసినట్టు?

మీ నాన్నగారి ప్రశ్న కంటే ఇది బరువైన ప్రశ్న, తమ్ముడూ. దీనికి నాకు తోచిన జవాబు ఇది. పద్యం విని కంటతడి పెట్టడం తేలిక. తెల్లారి చెరువు దగ్గర పక్కకు జరిగి దారివ్వడం కష్టం. కళ మొదటిదాకా తీసుకెళుతుంది. రెండోది మనిషి చెయ్యాలి. చెయ్యకపోతే కన్నీళ్ళు కూడా వినోదంలోకి జమ అయిపోతాయి. 'ఎంత బాగా ఏడిపించాడ్రా!' అని ఇంటికి పోయి పడుకుంటాం.

అయితే కథ అక్కడ ఆగలేదు. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది, ఉద్యమం నడిచింది. 1989లో దేశమంతటికీ ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దళిత యువకులు కలాలు పట్టారు. 1995లో 'చిక్కనవుతున్న పాట' అనే కవితల సంకలనం వచ్చింది. వాళ్ళు తమ పెద్దదిక్కు ఎవరని వెనక్కి తిరిగి చూస్తే కనబడిందెవరు? ఆ వినుకొండ కవే! చప్పట్లు కొట్టినవాళ్ళు వాడుకోని మాటను, అవసరమున్నవాళ్ళు అందిపుచ్చుకున్నారు. కళ విత్తనంలాంటిదని చాలామంది అంటారు. రైతు బిడ్డవి గనక నీకు వేరే చెప్పక్కర్లేదు. పదును లేని నేలలో విత్తనం మొలవదు, కానీ పాతర వేసి దాచుకుంటే పదునైన ఏడు పనికొస్తుంది.

మత్తా, మందా?

'సినిమా జనానికి మత్తుమందు' అనే మాట మీరు ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒక మేష్టారి నోట విని వుంటారు. పూర్తిగా అబద్ధమని నేననను. అభిమాన హీరో కటౌటుకు పాలు పోసి, అవతలి హీరో అభిమాని తల పగలగొట్టి వచ్చేవాడికి ఏ కళా అంటుకోలేదు, మత్తు మాత్రమే ఎక్కింది. చేతిలో సెల్‌ఫోను పెట్టుకుని రాత్రి రెండింటిదాకా బొమ్మ తర్వాత బొమ్మ బొటనవేలితో నెట్టేసేవాడు, పొద్దున్న లేచి తను చూసింది ఒక్కటన్నా చెప్పగలడా?

కానీ ఒక్కమాట. అలసిన మనిషికి వూరట కావాలి. అది తప్పు కాదు. భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే, దుఃఖంలో వున్నవాళ్ళకూ, అలసిపోయినవాళ్ళకూ విశ్రాంతినిస్తుందని నాట్యాన్ని గురించి చెప్పాడు. నవ్వూ అంతే. తోలుబొమ్మలాటలో జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి వూరి పెద్దలను దెప్పిపొడిస్తే పెద్దలు కూడా నవ్వాల్సి వచ్చేది. పగలు అన్నవాడి పళ్ళు రాలేవి! రాత్రి తెర వెనక నుంచి తోలుబొమ్మ అంటే చెల్లింది.

కళ ఏమీ చెయ్యలేదనేవాళ్ళను నేనొకటి అడుగుతాను. ఏమీ చెయ్యలేనిదాన్ని చూసి భయపడేదెవరు? 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు. అందులో కొసరాజు పాటలు రాశారు, వేషం కూడా వేశారు. జమీందారీలను ఎండగట్టిన ఆ బొమ్మను తీసిన సారథి సంస్థ వెనక వున్నది చల్లపల్లి జమీందారు. అదొక చిత్రం! జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల బొమ్మ ఆడకుండా చేశారు. తర్వాత సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్, ప్రజానాట్యమండలి తరఫున తంబురా భుజాన వేసుకుని బుర్రకథలో కరువు గురించీ, సీతారామరాజు గురించీ చెబుతుంటే పోలీసులు కాపలా కాయాల్సి వచ్చేది. ఆయనకే 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ప్రభుత్వాల తమాషాలు అలా వుంటాయి!

ఆ పాయ సినిమాలోకీ వచ్చింది. మన ప్రకాశం జిల్లా మట్టిలోంచే మాదాల రంగారావు వచ్చి 1980లో 'యువతరం కదిలింది', 1981లో 'ఎర్రమల్లెలు' తీశారు. టి. కృష్ణ వచ్చి 1983లో 'నేటి భారతం', 1985లో 'ప్రతిఘటన' తీశారు. 1986లోనే కృష్ణ వెళ్ళిపోయారు, చిన్న వయసులో. ఆ బొమ్మల్లో కేకలు ఎక్కువని ఇప్పుడు అనిపించవచ్చు. కానీ హాల్లోంచి బయటికొచ్చిన కుర్రాళ్ళు టీకొట్టు దగ్గర గంటల తరబడి దేని గురించి వాదించుకున్నారు? ఫైట్ల గురించి కాదు.

అందుకని నా దగ్గర ఒక చిన్న పరీక్ష వుంది. దానికి 'మర్నాటి పరీక్ష' అని పేరు పెట్టుకున్నాను. ఆట ముగిసిన మర్నాడు మిరపకోతలో ఆడవాళ్ళు సాళ్ళెంబడి వంగి కోస్తూ దాని గురించి ఒక్క మాటన్నా అనుకున్నారా? 'ఆ పిల్ల అట్టా చేసుండాల్సింది కాదే!' అని ఒకామె, 'చెయ్యక ఏం చేస్తది?' అని ఇంకొకామె అనుకుంటే చాలు. ఆ బొమ్మ పాసయింది. వాళ్ళు చంద్రమతి గురించి మాట్లాడుకుంటూ తమ సంగతి మాట్లాడుకుంటున్నారు. ఈ పరీక్షలో డాన్సు పాసు కావచ్చు, మహాకావ్యం తప్పవచ్చు. నాకు పేచీ లేదు.

మరి నవమికి ఏం చెయ్యాలి?

తమ్ముడూ, ఇప్పుడు నీ పని సంగతి. నాటకం వెయ్యండి. కానీ నేను చెప్పినట్టు వెయ్యండి.

ధర పడిన ఏడు ఇంటింటికీ తిరిగి ఇంతని కట్టి చందా వసూలు చెయ్యొద్దు. చేస్తే మీరే నక్షత్రకులవుతారు! ఇష్టమైనవాళ్ళు ఇచ్చింది తీసుకోండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, అట్ట మీద రాసి గుడి దగ్గర కట్టండి. రెండో హరిశ్చంద్రుణ్ణి, మూడో హరిశ్చంద్రుణ్ణి దూరం నుంచి పిలిపించే స్తోమత లేకపోతే వద్దు. నాటకం మొత్తం అక్కర్లేదు. నక్షత్రకుడి సీనూ, కాటి సీనూ చాలు. రెండు గంటల ఆట. ఒక హార్మోనియం, ఒక తబలా. మీ వూళ్ళో పద్యం ఎత్తగల పాత నటుడు ఎవరో ఒకరు వుండే వుంటారు. ఇప్పుడు ఎవరూ పలకరించక అరుగు మీద కూర్చుని వుంటారు. వెళ్ళి అడగండి. రాత్రికి రాత్రి పదేళ్ళు తగ్గిపోతాయి ఆయనకి.

డీజే కావాలన్న కుర్రాళ్ళతో దెబ్బలాడొద్దు. మొదటి గంట వాళ్ళకివ్వండి. పాటలు పెట్టుకుంటారు, ఎగురుతారు. వాళ్ళవల్లే జనం పోగవుతారు. పోగైన జనాన్ని కూర్చోబెట్టడం నీ పద్యం పని. కూర్చోబెట్టలేకపోతే తప్పు వాళ్ళది కాదు, నీ ఆటది.

ఇంకొక్క షరతు, అన్నిటికంటే ముఖ్యమైనది. పాలెంలో గొంతున్న కుర్రాడు వుంటే కాటి సీను అతనికివ్వండి. జాషువా పద్యం మీద ముందు హక్కు అతనిది. పాలెంవాళ్ళు వెనక నిలబడి చూడడం కాదు, ముందు వరసలో మీ అమ్మానాన్నల పక్కన కూర్చోవాలి. దీనికి వూళ్ళో ఎవరన్నా ముఖం చిట్లిస్తే, మీరు ఆ పద్యాలను ఎందుకు వేయిస్తున్నారో అప్పుడు మీకే తెలుస్తుంది. వన్స్‌మోర్ కొట్టే ధైర్యం అందరికీ వుంటుంది. బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చే ధైర్యం ఎందరికుందో ఆ రాత్రి చూద్దువుగాని.

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. క్వింటాలుకి పది రూపాయలు పెరగవని ఒప్పుకున్నానని కూడా చెప్పు. ధర కోసం యార్డులో అడగాల్సిందే, ప్రభుత్వాన్ని నిలదియ్యాల్సిందే. అది పద్యం చేసే పని కాదు. కానీ నలుగురు రైతులు కలిసి వెళ్ళి నిలదియ్యాలంటే, అంతకు ముందు ఆ నలుగురూ ఒక రాత్రి ఒకే పందిరి కింద కూర్చుని, ఒకే చోట నవ్వి, ఒకే చోట గొంతు పట్టుకుపోయి వుంటే కొంచెం తేలికవుతుందని నా అభిప్రాయం. ఆయన ఏమంటారో నాకు తప్పకుండా రాయి.

మిగతా పాఠకులకు: మీ వూళ్ళో ఈమధ్య 'మర్నాటి పరీక్ష' పాసైన బొమ్మ గానీ, నాటకం గానీ, బుర్రకథ గానీ వుంటే రాయండి. ఎందుకు పాసయిందో కూడా రాయాలి సుమా! హీరో పేరు పది సార్లు రాసిన ఉత్తరాలు బుట్టదాఖలే. వచ్చేవారం మళ్ళీ మామూలు ప్రశ్నలూ, మామూలు జవాబులూ.

అంతదాకా సెలవు!